ఎలీయేజరు మాస్టారి పోస్టుకార్డులు

ఎలీయేజరు మాస్టారు అబద్ధం ఆడగా చూసినవాళ్లు ఆ ఊళ్లో లేరు. బొర్రా స్టేషనుకు రెండు మైళ్ల దూరాన, కొండవాలున ముప్పై గడపల ఊరది. వారమంతా పిల్లలకు ఎక్కాలు చెప్పేవాడు. ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేవాడు. సంఘపెద్దల్లో అందరికన్నా చిన్నవాడు. అలాంటి మనిషి 1998లో, ఒక్క ఏడాదిలో, డెబ్బైకి పైగా దొంగ ఉత్తరాలు రాశాడంటే ఎవరు నమ్ముతారు? రాసింది మాత్రం నిజం. అదీ ఒక పాట కోసం.

ఆ పాట పాడిన కనకది ముంచింగిపుట్టు అవతల ఓ కొండ ఊరు. కొండజాతుల థింసా ఆటపాటలకు కీబోర్డు జోడించి సంతల్లో, పెళ్లిళ్లలో పాడేది. ఏజెన్సీలో పేరుమోసిన పాటగాడు గాసి, తనంతటి వాళ్లనే మరో ఇద్దరిని పోగుచేసి ‘కొండగాలి’ అని ఒక బృందం కట్టాడు. వెనక వంత పాడటానికి ఒక ఆడగొంతు కావాలి గనక కనకను చేర్చుకున్నారు. ఒక క్యాసెట్టు తెచ్చారు. ఎనిమిది పాటల్లో ఏడు వాళ్లవి. చివరిది, చోడి చేనుకు, అంటే రాగి చేనుకు, కాపలా కాసే పిల్ల పాట, కనక ఒక్కతే పాడింది.

అది రేడియోలో విన్న రోజు మాస్టారు కంచం ముందు కూర్చుని అన్నం కలపడం మర్చిపోయాడు. ఆ తర్వాత చర్చిలో ఏ కీర్తన వాయిస్తున్నా వేళ్లు ఆ వరస వైపే జారిపోయేవి, వెనక్కి లాక్కునేవాడు. పాస్టరుగారి లెక్కలో థింసా అంటే మతం మారి వదిలేసి వచ్చిన పాత దేవతల పాట. సంఘపెద్ద అలాంటివి వింటాడని తెలిస్తే ఇంకేమన్నా ఉందా? అందుకని తలుపు మూసుకుని, రేడియో చెవికి ఆనించుకుని వినేవాడు.

శనివారాలు రేడియోలో శ్రోతలు కోరిన పాటలు వచ్చేవి. ఏ పాటకు ఎక్కువ కార్డులొస్తే దాన్ని వేసి, అడిగినవాళ్ల పేర్లూ ఊరూ చదివేవారు. మాస్టారు కట్టలుగా కార్డులు కొన్నాడు. ముందు సుజానా, షాలోమ్, జాయ్స్ అంటూ ఇంటికొకటి చొప్పున ఊళ్లోవాళ్ల పేర్లు పెట్టాడు. ఊళ్లో రేడియో ఉన్నది అతనొక్కడికే, పట్టుబడే భయం లేదు. ముప్పై గడపల పేర్లు ఎన్నాళ్లొస్తాయి? అవి అయిపోయాక చర్చి రిజిస్టరు తెరిచి, సమాధుల దొడ్లో ఉన్నవాళ్ల పేర్లూ దించాడు. యర్రయ్య పోయి ఆరేళ్లు. బతికున్న రోజుల్లో ఆయనకు పక్కన పిడుగు పడ్డా వినపడేది కాదు. ఆయన కూడా కనక పాట కోరాడు. ప్రేమ ముదిరితే మనిషికి పాపభయం ఉండదు కాబోలు.

పాట నెలకు రెండుసార్లు మోగింది. ఒక అభాగ్యురాలిని తన చేత్తో పైకి తెస్తున్నానని మాస్టారు లోలోపల మురిసిపోయాడు.

క్రిస్మసుకు మూడు వారాల ముందు, ఒక గురువారం మధ్యాహ్నం, బడి గుమ్మంలోకి చెప్పులు చేత్తో పట్టుకుని ఒక మనిషి వచ్చింది. నేను కనకనండి, పాటలు పాడతాను అంది. ఈ ఊరివాళ్లకు తన పాటంటే ఇష్టమట గదా, చూసిపోదామని వచ్చానంది. ఆమెకు చదువు లేదు. రేడియోలో విన్న పేర్లన్నీ పాట నేర్చినట్టు నేర్చేసుకుంది, ఒక్కటి తప్పకుండా అప్పజెప్పింది.

తర్వాత అసలు సంగతి చెప్పింది. గాసి రేడియో స్టేషనుకు వెళితే అక్కడివాళ్లు కార్డుల కట్ట చూపించారు. ఊరు ఒకటే, దస్తూరీ ఒకటే. మా ముగ్గురి పాటలు తొక్కెయ్యడానికి నువ్వే ఎవరిచేతో రాయించావని బృందమంతా ఆమె మీద పడింది. రేపు సాయంత్రం అందరూ పట్నంలో కలుస్తారు. ఈ ఊరివాళ్లు ఇద్దరు వచ్చి, మేమే అడిగామని చెబితే చాలు. లేకపోతే ఆమెను తీసేస్తారు.

“ముందు యర్రయ్యగారింటికి తీసికెల్లండి మాస్టారూ. పెద్దాయన మాటకి ఇలువుంటాది,” అంది.

“ఆయన పోయాడమ్మా.”

“అయ్యో. ఎప్పుడు?”

బయట పిల్లలు ఎక్కాలు వల్లిస్తున్నారు. మాస్టారు తల వంచుకుని, ఆరేళ్లయింది, కార్డులన్నీ నేనే రాశానన్నాడు. ఆమె కోప్పడలేదు. గుమ్మం మీద కూర్చుంది.

“ఇంతమంది ఇంటన్నారని మాయమ్మకి సెప్పుకున్నాను,” అంది. తర్వాత అడిగింది, “మీ పేరెట్టి ఎన్ని రాసినారు?”

“ఒక్కటీ లేదు.”

ఆ మాట తన చెవులతో తాను విన్నాక మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఊరందరి పేర్లూ ఆమె పాటకు సరిపోయాయి, చచ్చినవాళ్ల పేర్లతో సహా. తన పేరే సరిపోలేదు. ఆ సిగ్గుతోనే, రేపు రైలుకు నేనొస్తాను, గాసి ముందు నిలబడి నేనే చేశానని చెబుతాను అని మాటిచ్చాడు. ఆమె నమ్మి, ఆ రాత్రికి సుజానా వాళ్లింట్లో పడుకుంది.

మర్నాడు విశాఖ పాసింజరు వేళకు మాస్టారు ఉతికిన చొక్కా వేసుకుని స్టేషనుకు వెళ్లాడు. కనక ప్లాట్‌ఫారం మీద ఎదురుచూస్తోంది. నాలుగు అడుగుల అవతల, క్రిస్మసు సామాను కోసం బయల్దేరిన పాస్టరుగారూ ఉన్నారు.

ఎక్కడికయ్యా అని ఆయన పలకరించారు. ఎక్కడికీ లేదండి, మిమ్మల్ని సాగనంపుదామని వచ్చాను అన్నాడు మాస్టారు. ఆ మాట ఎంత నున్నగా వచ్చిందో అతనికే తెలియలేదు.

కనక విన్నది. రైలు ఆగింది, ఎక్కింది. కదలబోయే ముందు కిటికీలోంచి మెల్లగా పిలిచింది.

“సచ్చిపోయినోల సేత నా పాట అడిగించినారు, మాస్టారూ. మీకు నోరు నేకపోయింది.”

పాస్టరుగారు పక్క పెట్టె మెట్టు మీద నిలబడి, ఎవరామె, ఏమంటోంది అని అడిగారు.

“తెలీదండి,” అన్నాడు ఎలీయేజరు మాస్టారు.