మావారు టాకోలు తిన్న మధ్యాహ్నం

ఈ సంగతి నేనే రాయాలి. మా అమ్మాయి తన స్నేహితులు ఇంటికొచ్చినప్పుడల్లా ఇది చెబుతుంది. చెప్పిన ప్రతిసారీ చివర్లో, "పాపం నాన్న, ఆకలికి ఆగలేక తినేశారు" అంటుంది. అందరూ నవ్వుతారు. మావారు కూడా నవ్వి ఊరుకుంటారు. జరిగింది అది కాదు. ఆ రోజు కార్లో ఉన్నది మేం ముగ్గురమే. ఆయన రాయరు, అమ్మాయికి తీరిక లేదు.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత చదివిందంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలోనే. ఆ మాట చెప్పుకోవడం నాకు గర్వమే. అమెరికాలోని సన్నీవేల్‌లో అమ్మాయి దగ్గర ఆరు నెలలు ఉండటానికి వచ్చినప్పుడు, నడిచి వెళ్లేంత దూరంలో లైబ్రరీ ఉందని తెలిసి మొదటి వారంలోనే వెళ్లాను. ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాను గనక పిల్లల విభాగంలో, చిన్న కుర్చీలో ఒదిగి కూర్చునేదాన్ని. అక్కడే మెక్సికో వంటల గురించి ఒక బొమ్మల పుస్తకం దొరికింది. మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, రుబ్బి రొట్టెలు చేస్తారట. మన తాంబూలంలోకి వేసుకునే సున్నమే! ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే మావారు, "ఇంకేం, రేపట్నుంచి వక్క కూడా వేసి వండు" అన్నారు.

ఆయన బయట తినరు. మాంసం వండే చోట వండినది ముట్టరు. అమెరికా వచ్చి మూడు నెలలైనా అమ్మాయి ఇంట్లో తప్ప ఎక్కడా చెయ్యి కడగలేదు. పైగా షుగరు. భోజనానికి అరగంట ముందు మాత్ర వేసుకోవాలి. వేసుకున్నాక తినడం ఆలస్యమైతే చెమటలు పట్టి, చేతులు వణుకుతాయి.

లాస్ ఏంజిలస్ వైపు గుడి చూడటానికి బయల్దేరాం. తెల్లవారుజామునే లేచి పులిహోర, పెరుగన్నం కలిపాను. సంచి మావారి చేతికిచ్చి, లోపలికెళ్లి పొయ్యి ఆపానో లేదో ఇంకోసారి చూసుకున్నాను. తలుపు తాళం వేసి కారెక్కాను. దారంతా ఎండిన గడ్డి కొండలు, ఆ తర్వాత బాదం తోటలు. పన్నెండు దాటగానే ఆయన గడియారం చూసుకుని మాత్ర వేసుకున్నారు. అమ్మాయి చెట్ల నీడన బల్లలున్న చోట కారాపింది. నేను డిక్కీ తెరిచాను.

"సంచి ఏదండీ?"

"నువ్వు తేలేదా?"

"మీ చేతికే కదా ఇచ్చింది!"

"చెప్పులేసుకుంటూ అన్నం ఎట్లా పట్టుకుంటాను? బయట కిటికీ గట్టు మీద పెట్టినా. వెనకాల వస్తున్నావు, నువ్వు తీసుకుంటావులే అనుకున్నా."

"మీరు పట్టుకెళ్లారనుకుని నేను అటు చూడనే లేదు."

అమ్మాయి నెత్తి పట్టుకుంది. "సూపర్. ముగ్గురం ఇక్కడ, పులిహోర అక్కడ." తన దగ్గరున్న ఆరెంజ్ జ్యూస్ సీసా ఆయనకిచ్చింది. "ఇది తాగు నాన్నా. కానీ ఒట్టి జ్యూస్‌తో మేనేజ్ చేయలేం. నెక్స్ట్ ఎగ్జిట్‌లో ఏదో ఊరుంది, జీపీఎస్ చూపిస్తోంది."

ఊరంటే ఒక్కటే వీధి. నీళ్ల ట్యాంకు, టైర్ల కొట్టు, దాని పక్కన చేత్తో రంగులేసిన బోర్డుతో టాకోల హోటలు, మెక్సికో వాళ్లు కూర పెట్టి మడిచే మొక్కజొన్న రొట్టెలవి. లోపల నాలుగు బల్లలు. గల్లా వెనక నా వయసావిడే పెద్ద పెనం మీద రొట్టెలు కాలుస్తోంది. ఒక పక్క మాంసం చిటపటమంటోంది. మావారు గుమ్మంలోనే ఆగిపోతే అమ్మాయి చెయ్యి పట్టి తెచ్చి కూర్చోబెట్టింది.

"బీన్స్ టాకోలున్నాయి అమ్మా, ప్యూర్ వెజ్. ఆర్డర్ చేసేస్తా. అక్కడ మాంసం ఉంటే ఉండనీ, ఇవాళ్టికి నాన్న అడ్జస్ట్ అవుతారు."

ఆయన కాదనలేదు. బల్ల మీద ఆయన వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. అదిగో, అప్పుడే నాకు పుస్తకంలోని బొమ్మ గుర్తొచ్చింది. చిక్కుడు గింజల కుండలో ఒక ముసలమ్మ గరిటెడు పంది కొవ్వు వేస్తూ ఉంటుంది. నేను నోరు మూసుకుంటే ఆయన తింటారు, తేరుకుంటారు. అడిగితే లేచిపోతారు.

"బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారేమో అడుగు" అన్నాను.

"అమ్మా, ఇప్పుడా? నాన్న చేతులు చూడు."

"చూశాను. అడుగు."

అడిగింది. వేయకపోతే రుచెట్లా వస్తుందన్నట్టు ఆవిడ నవ్వుతూ తలూపింది. మావారు కుర్చీ వెనక్కి జరిపి, "నేను కార్లో కూర్చుంటా" అంటూ లేవబోయి, లేవలేక మళ్లీ కూర్చున్నారు.

"నువ్వు అడక్కపోతే ఈపాటికి తినేసేవారు" అని అమ్మాయి పళ్లు బిగించి అంది. ఆ మాట నిజమే.

నేను గల్లా దగ్గరికెళ్లి పిండి ముద్ద చూపించాను. మొక్కజొన్న, సున్నం, నీళ్లు అని నాకొచ్చిన ఇంగ్లీషులో అన్నాను. ఆవిడ ముఖం విప్పారింది. కొవ్వు ఉందా అంటే లేదని చెయ్యి ఊపింది. మావారి వైపు చూపించి షుగరన్నాను. ఆవిడ నా మీదుగా ఆయన్ని చూసింది. లోపల్నుంచి చిన్న పెనం తెచ్చి, నా కళ్లెదుటే తోమి, వేరే పొయ్యి మీద పెట్టి రొట్టెలు కాల్చింది. వాటిలో ఉడికించిన ఆలుగడ్డ చిదిమి, ఉల్లిపాయ, పచ్చిమిరప, అవకాడో ముక్కలు వేసి నిమ్మకాయ పిండింది.

పళ్లెం తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"అన్నీ అడిగావా?"

"అడిగాను. పిండిలో కొవ్వు లేదు. ఆలుగడ్డ ఒట్టి నీళ్లలో ఉడికించారు. పెనం వేరేది. కానీ వంటిల్లు అదే."

"ఆ చివరి మాట కూడా చెప్పాల్సిందేనా?"

"చెప్పాల్సిందే."

పళ్లెం దగ్గరికి లాక్కున్నారు. తర్వాత మడత విప్పి రొట్టె తుంచారు, ఆలుగడ్డ అద్దుకుని నోట్లో పెట్టుకున్నారు.

"అట్లా కాదు నాన్నా, ఫోల్డ్ చేసి తినాలి."

"జొన్నరొట్టెకు తమ్ముడే ఇది. వీడితో ఎట్లుండాల్నో నాకు తెలుసు."

రెండోది ముగిసేసరికి వేళ్లు నిలకడగా ఉన్నాయి. అమ్మాయి ఇంకేవో తేవడానికి గల్లా దగ్గరికి వెళ్లింది. అప్పుడు ఆయన నాతో మెల్లగా అన్నారు. "ఆకలికి తిన్నాననుకోవద్దు. దాచేదానివైతే ఆ కొవ్వు సంగతి ఇందాకే దాచేదానివి. నువ్వు అడిగినావు గనక తింటున్నా." వేళ్లు తుడుచుకుంటూ, "ఆ సున్నం పుస్తకంలో ఇంకా ఏం రాసినారు?" అన్నారు.

ఇదీ జరిగింది. అమ్మాయి ఆ మాట వినలేదు గనకే ఆకలి అంటుంది.

సాయం చేసినవాళ్ల పేర్లు రాసి దండం పెట్టాలని ఉంది. కానీ పెనం తోమిన ఆ తల్లి పేరు అడగడమే మర్చిపోయాను. ఆమె పేరే లేనప్పుడు మిగతావాళ్ల పేర్లు రాయడం బాగుండదు. ఎవరికి వాళ్లకు తెలుస్తుంది. నన్ను చిన్న కుర్చీల దగ్గరికి తీసుకెళ్లిన సన్నీవేల్ లైబ్రరీ అమ్మాయికి, తలుపులు మూసే వేళైనా నా పేజీ పూర్తయ్యేదాకా ఆగిన మా ఊరి గ్రంథాలయం పంతులుగారికి, కోపంలోనూ నేను అడగమన్నది అడిగిన మా అమ్మాయికి, కిటికీ గట్టు మీద పులిసిన పులిహోర పారేసి గిన్నె తోమి పెట్టిన పక్కింటావిడకి నమస్కారాలు. మావారికి కూడా. ఇది రాసి ముందు ఆయనకే చదివి వినిపించాను. ఒక్కటే దిద్దారు. తిన్నది రెండు కాదట, మూడట.