లచ్చవ్వ బాప్తిస్మం రైక

1957లో కరీంనగర్ అంతా ఎన్నికల సందడి. బజారులో నాదో చిన్న దర్జీ దుకాణం. ఒకటే కుట్టు మిషన్. పఫ్ చేతుల రవికలు, అంటే భుజం దగ్గర కుచ్చులు పెట్టి బుట్టలా పొంగేవి, కుట్టడంలో నన్ను మించినవాడు ఊళ్లో లేడు. ఈ మాట నేను కాక ఇంకెవరు చెబుతారు!

ఆ ఆదివారం మానేరు నదిలో బాప్తిస్మాలు ఉన్నాయి. మా పాస్టరుగారు ఎన్నో పల్లెలు తిరిగే మనిషి, మళ్లీ ఎప్పుడొస్తారో తెలియదు. బాప్తిస్మానికి పేరిచ్చినవాళ్లలో లచ్చవ్వ అనే నాట్లు వేసే ముసలామె ఉంది. పుట్టి బుద్ధెరిగి రవిక తొడగలేదు. తెల్లగుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టి, "గింతమంది ముందల తడిసిన చీరతోని ఎట్ల నిలబడుత కొడుకా? రైకుంటెనే నీళ్లల దిగుత," అంది.

నాకు ఒళ్లు తెలియని సంతోషం! ఆమె జన్మకు మొదటి రవిక, అదీ బాప్తిస్మానికి, అదీ నా చేతి మీదుగా! రెండు పఫ్‌లు పెట్టాను, అంచుకు లేసు కూడా వేశాను. శనివారం మధ్యాహ్నం ఆమె ట్రయల్‌కు, అంటే తొడిగి సరిచూసుకోవడానికి, వచ్చింది. నా భార్య రాహేలు లోపలికి తీసుకుపోయి తొడిగించింది. లచ్చవ్వ బయటికొచ్చి, గడ్డిమోపు నెత్తికెత్తుకున్నట్టు రెండు చేతులూ పైకి లేపింది. రెండు చంకల్లోనూ పర్రున చిరిగింది.

"ఇది దేవునికి పనికొస్తదేమో గని నాకు పనికి రాదు కొడుకా," అంది నవ్వుతూ.

"బాప్తిస్మం రోజు మోపులెత్తుతవా అవ్వా?" అన్నాను ఉక్రోషంగా.

"మరి సోమారం? మునిగినంక దీన్ని పెట్టెల పెట్టి తాళమెయ్యాల్నా? గిదే తొడుక్కొని నాటుకు పోత. బురదల ఉన్నప్పుడు దేవుడు నన్ను సూడడా?"

నేను నోరు తెరిచేలోపే ఒక పార్టీ మనిషి గుడ్డల మూటతో దిగాడు. "దర్జీ సాబ్, రేపు పొద్దుగాల మీటింగ్. గీ జెండాలన్ని కుట్టాలె. జర జల్ది!"

నా దుకాణానికి అంత పెద్ద బేరం ఎప్పుడూ రాలేదు. నా చెయ్యి అప్పటికే మూట మీదికి పోయింది, అబద్ధమెందుకు. రాహేలు మాత్రం తలెత్తకుండా రవిక కుట్లు విప్పుతోంది. "నేను ఇప్పుతున్న. నువ్వు సంకలల్ల ఏసే ముక్క కత్తిరియ్యి," అంది.

"ముసల్దాని రైక రెండు దినాలు ఆగితే కొంపలు మునుగుతయా?" అన్నాడు అతను.

"జెండాలకు ఊళ్లె శానమంది దర్జీలున్నరు సాబ్," అన్నాను. "పాస్టరయ్య రేపొక్కనాడే ఉంటడు." అతను మూట ఎత్తుకుని విసవిసా వెళ్లిపోయాడు. ఆ మూట బజారు మలుపు తిరిగేదాకా చూసి, కత్తెర అందుకున్నాను.

లేసు పీకేశాను. పఫ్‌లు తీసేశాను. చంకలో గస్సెట్, అంటే చెయ్యి ఎటు తిప్పినా లాగకుండా కలిపే నాలుగు మూలల ముక్క, వేసి రెండు వరసలు కుట్టాను. పొద్దు గూకకముందే లచ్చవ్వ చేతులు ఆడించి చూసుకుని, రవికను కొంగులో చుట్టుకుని వెళ్లింది.

ఆదివారం మానేరు ఒడ్డు పాటలతో హోరెత్తిపోయింది. లచ్చవ్వ నీళ్లలో మునిగి లేచి, రెండు చేతులూ ఆకాశానికి ఎత్తి "స్తోత్రం!" అని కేక వేసింది. జనమంతా ఆమె ముఖం చూస్తున్నారు. నేను మెడ సాచి చంకల్లో కుట్టు చూస్తున్నాను. నిలిచింది! ఎగిరి గంతేశాను.

ఆమె నీళ్లు కారుతూ ఒడ్డెక్కి నా దగ్గరికొచ్చి, "దేవున్ని సూడు కొడుకా, సంకలు సూడకు," అంది. పాస్టరుగారితో సహా అందరూ పగలబడి నవ్వారు. నాకూ నవ్వాగలేదు, కన్నీళ్లూ ఆగలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు మిషన్ తొక్కాను. ఆదివారం గుడికి వేసుకోవడానికని ఎవరు గుడ్డ తెచ్చినా, "ఇది తొడుక్కొని సోమారం ఏం పని చేస్తరు?" అని అడిగాకే టేపు తీసేవాణ్ణి. అడిగిన ప్రతిసారీ, మరి నా సోమవారం సంగతేమిటని లోలోపల నేనూ జవాబు చెప్పుకోవలసి వచ్చేది.