ఇన్‌కంటాక్సు వాళ్లు పంపిన కవరు

అప్పట్లో నాకు ఇన్‌కంటాక్సు ఆఫీసు మీద ఉన్నంత అనుమానం దొంగల మీద కూడా లేదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సోమందేపల్లె దగ్గర ఒక బడిలో పంతులుగా పనిచేసేవాణ్ణి. ఒక ఏడాది నా ఇన్సూరెన్సు రసీదులు చూడకుండానే జీతంలో పన్ను ఎక్కువ పట్టేశారు. ఫారం పెడితే తిరిగొస్తుందని తోటి పంతుళ్లు నవ్వుతూ చెప్పారు. ఆ నవ్వుతోనే నాకు అర్థమైపోయింది, రాదని.

అయినా పెట్టాను. మా బోరు మోటారు కాలిపోయి, నాయన మల్బరీ తోట నిలువునా ఎండుతోంది మరి. ఆకు లేకపోతే పట్టుపురుగులు లేవు, పురుగులు లేకపోతే నాయనకు పనే లేదు. కొత్త మోటారుకు నాకున్న ఆశ ఆ రీఫండు చెక్కు ఒక్కటే. వచ్చేదాకా నాయనకు చెప్పదలచుకోలేదు. ప్రభుత్వం దుడ్లు వెనక్కిస్తుందంటే ఆయన నమ్మే రకం కాదు.

నెలలు గడిచాయి. అనంతపురం ఆఫీసుకు రెండుసార్లు తిరిగాను. ‘‘పంపినాం సార్’’ అంటాడు గుమాస్తా. పంపాడట! ఎవడో మింగేశాడని తేల్చుకుని మూడోసారి వెళ్లి అందరి ముందూ అరిచేశాను. అతను బీరువాలోంచి ఒక రిజిస్టరు కవరు తీసి నా ముందు పడేశాడు. దాని మీద నా పేరు, మా ఊరు. పక్కన మా పోస్టుమాన్ చేతిరాత: ‘ఊర్లో లేరు’. ఒకసారి కాదు, రెండుసార్లు.

‘‘ఏమప్పా, చెక్కు చేతికిచ్చే రూలు లేదు. నువ్వు ఊర్లో ఉండావని ఒప్పుకునే అడ్రసు ఏదన్నా ఉంటే రాసియ్యి, మల్లా పంపుతాం’’ అన్నాడు గుమాస్తా. సిగ్గుతో చచ్చిపోయాను. బడి అడ్రసు రాసిచ్చి బయటపడ్డాను.

ఎలా జరిగిందో అడగక్కర్లేదు. ఆ కరువు ఏళ్లలో మా ఊరికి రిజిస్టరు పోస్టంటే బ్యాంకువాళ్ల పంట అప్పు నోటీసే. సంతకం పెట్టకుంటే అది అందనట్టేనని అందరి ధీమా. పోస్టుమాన్ వస్తే నోటీసు వచ్చిన మనిషే ఎదురుగా నిలబడి ‘‘ఆయప్ప బెంగుళూరికి పోయినాడు’’ అనేవాడు. పోస్టుమాన్ మా ఊరివాడే, కిమ్మనకుండా రాసుకుపోయేవాడు.

ఆ సాయంత్రం కోపంతో ఊగిపోతూ నేరుగా తోటకు పోయాను. నాయన చచ్చిపోయిన మల్బరీ మొదళ్లను పొయ్యిలోకని నరుకుతున్నాడు.

‘‘నా పేరుతో రిజిస్టరు వచ్చిందా నాయనా?’’

‘‘వచ్చె. రెండు తూర్లు వచ్చె’’ అన్నాడు గర్వంగా. ‘‘నా పేరుతో వచ్చింటే ఇంత బయపడను రా. నీ పేరు చూసి గుండె జారిపాయ. నా అప్పు నీ జీతానికి తగిలిస్తాండారని తెలిసిపాయ. మొదటి తూరి నువ్వు ఊర్లో లేవని చెప్పినా. రెండో తూరి, నాకసలు కొడుకే లేడని ఒట్టేసినా.’’

ఆయన గొడ్డలి ఆపి నా మొహంలోకి చూశాడు.

‘‘నోటీసే గదరా అది?’’

తిట్టాలని దారంతా మాటలు కూడబెట్టుకునే వచ్చాను.

‘‘నోటీసే నాయనా’’ అన్నాను.

‘‘చూస్తివా మరి!’’ అన్నాడు. ఆ ఏడాదంతా ఆయన నవ్వగా నేను చూసింది అప్పుడే.