ఘాట్ దగ్గర ఆగిపోయే ల్యాప్‌టాప్

పదో తరగతి నన్ను రెండుసార్లు వద్దంది. మూడోసారి నేనే దాన్ని వద్దన్నాను. అలాంటివాడి మెడలో కంపెనీవారు ‘సర్వీస్ ఇంజనీర్’ అని రాసిన కార్డు వేలాడదీశారు. అది చూసి మా మామ తన కొత్త ఇంటికి ప్లాను గీసిమ్మన్నాడు. నేనూ వెనకాడకుండా గీసిచ్చాను. పై అంతస్తుకు మెట్లు పెట్టడం మరిచిపోయానని మేస్త్రీ చెప్పేదాకా అందరూ మెచ్చుకున్నారు.

రిటైరయ్యే ముందు నా ఆఖరి పోస్టింగు పటాన్‌చెరులో. కరోనా సద్దుమణిగాక వచ్చిన ఎండాకాలంలో అక్కడి సర్వీస్ సెంటర్‌కు నన్ను బెంచ్ టెక్నీషియన్‌గా వేశారు. మా దాంట్లో కస్టమర్ల దగ్గరికి తిరిగేవాడు ఫీల్డ్ టెక్నీషియన్, బల్ల ముందు కూర్చుని వచ్చిన మెషీన్‌ను విప్పేవాడు బెంచ్ టెక్నీషియన్. బెంచ్ అంటే ఒక మెట్టు పైన. జీతంలో పెద్ద తేడా లేదు గానీ నెత్తిమీద ఏసీ ఉంటుంది.

ఆ బల్లను ఇప్పటికీ తలుచుకుంటాను. ల్యాప్‌టాప్ వెనక మూత విప్పి, లోపలి దుమ్ము చూసి, అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడం మాకొక సరదా. తెల్లటి మెత్తని పొడి ఉంటే జిన్నారం దిక్కు మందుల కంపెనీ. నల్లటి రజను స్క్రూడ్రైవర్ మొనకు అతుక్కుంటే ఫౌండ్రీ. పిండి, మిరపకారం కలిసి ఉంటే ఏదో క్యాంటీన్ లెక్కల మెషీన్. చాయ్ పందెం కాసేవాళ్ళం. అక్కడ అందరూ సత్తన్న అని పిలిచే నేనే ఎక్కువసార్లు గెలిచేవాణ్ణి కాబట్టి ఆ పోస్టింగంతా ఎవరి చాయో తాగి బతికాను.

నన్ను ఓడించిన దుమ్మును షాహీన్ తెచ్చింది. జిన్నారం దగ్గర మందుల కంపెనీ ల్యాబులో పనిచేసే అమ్మాయి. ఒకరు వాడి అమ్మేసిన గేమింగ్ ల్యాప్‌టాప్ బల్లమీద పెట్టి, ఆట ఆడుతుంటే వేడెక్కి ఆగిపోతోందని చెప్పింది.

“ఆడేది నువ్వేనా బిడ్డా?” అన్నాను.

“నేను గాదంకుల్, మా అబ్బా.”

“ఏమాడుతడు, పేకాటనా?”

“లారీ నడుపుతడు.”

వాళ్ళ నాన్న ఖాజా మియా, లారీల అడ్డాలో అందరికీ ఖాజా ఉస్తాద్. షుగరుతో ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. లారీలో ఎడమ కాలు క్లచ్‌ది, అది లేకపోతే స్టీరింగు కూడా లేనట్టే. ల్యాప్‌టాప్ ఆటలో ఆ బెడద లేదు. ఒక ఊళ్ళో లోడు ఎత్తుకుని, కొండలెక్కి దిగి, ఇంకో ఊళ్ళో దించాలి. ఆయనకది కూతురు నేర్పింది. కానీ ప్రతిసారీ ఘాట్ రోడ్డు ఎక్కేచోట తెర నల్లబడేది. మధ్యలో సేవ్ చేసుకోవచ్చు కదా అంటే, లారీకి లేని సౌకర్యం ఆటకెందుకు అంటాడట.

“కాలు పోయినంక ఒక్క లోడు గూడ దింపలే అంకుల్. ఇగ బండి ముట్ట అంటుండు. గోడదిక్కు తిరిగి పండుకుంటుండు” అంది.

అలా ఆగిపోవడం మా భాషలో థర్మల్ షట్‌డౌన్. అది జబ్బు కాదు, కాపలా. ఆటలో బొమ్మలు వేగంగా గీయాల్సి వచ్చి లోపలి చిప్పులు కాగుతాయి. చిన్న ఫ్యాను అడుగునుంచి గాలి పీల్చి, రాగి రేకుల సందుల్లోంచి పక్కకు ఊదుతుంది. ఆ దారి మూసుకుంటే వేడి హద్దు దాటుతుంది. అప్పుడు చిప్పు కాలకముందే మెషీన్ కరెంటు తెంచుకుంటుంది.

మూత విప్పాను. రేకుల మధ్య నల్లగా, జిగటగా మసి. అయస్కాంతానికి అంటదు, ఊదితే ఎగరదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కమ్మటి వాసన! పటాన్‌చెరులో ఏ ఫ్యాక్టరీ అంత బాగా వాసన వస్తుంది? ఆ రోజు చాయ్ డబ్బులు నేనే ఇచ్చాను. మసి కడిగి, చిప్పుల మీద ఎండిపోయిన పేస్టు గీకి కొత్తది రాసి, పద్ధతి ప్రకారం స్ట్రెస్ టెస్ట్ పెట్టాను. అంటే మెషీన్‌తో కావాలని గొడ్డుచాకిరి చేయించి వేడి చూడటం. పాసైంది.

వారం తిరగకుండా షాహీన్ మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఘాట్ దగ్గరే. మళ్ళీ టెస్ట్ పెట్టాను, మళ్ళీ పాసు. ఇలాంటప్పుడు మేము రాసే మాట ‘లోపం కనబడలేదు’. అలాగే రాసి పంపించెయ్యమన్నాడు మేనేజరు. షాహీన్ ఒక్కటే అడిగింది: “బాగనే ఉందని మల్ల ఇంటికి తీస్కపోతె, తప్పు తనదే అనుకుంటడంకుల్. ఏమని చెప్పాలె?”

సమాధానం లేని ప్రశ్నలు నాకు పదో తరగతి నుంచీ అలవాటే. కానీ ఈసారి పేపరు తెల్లగా ఇచ్చి రావడానికి మనసొప్పలేదు. ఫీల్డ్ పని నాది కాకపోయినా మేనేజరుకు చెప్పి, ఆ సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని నేనే వాళ్ళింటికి వెళ్ళాను.

లారీల అడ్డా వెనక రేకుల ఇల్లు. లోపలికి పోతే ఇల్లు కాదు, క్యాబిన్! స్క్రాపులో తెచ్చిన లారీ సీటు. ముందు అడ్డంగా బల్ల, దానిమీద బంగారు కుచ్చుల అంచుతో ఎర్ర వెల్వెట్ గుడ్డ, ప్లాస్టిక్ పూలు, ఒక నీలం బల్బు. ఖాజా ఉస్తాద్ నా చేతిలోంచి ల్యాప్‌టాప్ తీసుకుని ఆ వెల్వెట్‌లో పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టాడు. స్విచ్ వేశాడు. తర్వాత నాలుగు ఊదుబత్తులు ఒక్కసారే ముట్టించి, తెర ముందు మూడుసార్లు తిప్పి, ల్యాప్‌టాప్ పక్కనే గుచ్చాడు. పొగ సాగి సాగి సరాసరి దాని అడుగులోకి పోతోంది.

నాకు నవ్వాగలేదు.

“ఏంది నవ్వుతున్నవ్?” అన్నాడు.

“ఏం లేదు ఉస్తాద్. మీ బండిలో మసి ఏ ఫ్యాక్టరీదో ఇప్పుడు దొరికింది.”

“ఊదు లేకుండ ముప్పై ఏండ్లల్ల ఒక్కనాడు బండి తియ్యలే. ఇప్పుడు తియ్యమంటే నేను తియ్య. మా క్లీనర్ మల్లేశం గూడ తియ్యనియ్యకపోతుండె.”

ఊదు వద్దని చెప్పడానికి నేనెవరిని? ల్యాప్‌టాప్ తిరగేసి, అడుగున గాలి పీల్చే సందులు చూపించి, ఇది దీని రేడియేటర్ అన్నాను. ఉస్తాద్ కాసేపు సందుల్ని చూశాడు, వెల్వెట్‌ను చూశాడు. తర్వాత కూతురి మీద లేచాడు.

“అరె షాహీన్, రేడియేటర్ ముందట రజాయి కప్పిన కదనే! ఒక్కసారన్న చెప్పకపోతివి?”

“నాకేమెరుక అబ్బా, గుడ్డ తీస్తే నువ్వు బువ్వ తినకపోతివి” అంది షాహీన్.

మంచం కిందినుంచి రెండు చెక్క దిమ్మెలు ఆయనే తీయించాడు, ఎత్తుమీద లారీ ఆపినప్పుడు టైరు కింద పెట్టేవి. వాటిమీద ల్యాప్‌టాప్ ఎక్కించాం. గుడ్డ ముందుకు జరిగి అందానికి మిగిలింది. ఊదుబత్తి సంగతి కూడా ఆయనే తేల్చాడు: లారీలోనైనా ఇంజను స్టార్టు చేయకముందే ముట్టించేది కాబట్టి, ఇకనుంచి స్విచ్ వేయకముందే తిప్పి కిటికీలో గుచ్చుతాడు. ఆటలో బొమ్మల నాణ్యత కొంచెం తగ్గిస్తే వేడి ఇంకా తగ్గుతుందన్నాను.

“చెట్లకు ఆకులు లేకున్న మంచిదే. కిలోమీటరు రాళ్ళు మాత్రం కనబడాలె” అన్నాడు.

ల్యాప్‌టాప్ ఆపి, తలుపు తీసి, పొగంతా పోనిచ్చి ప్రయాణం మొదలుపెట్టాం. ఘాట్ వచ్చింది. ఫ్యాను అరుపు పెరిగింది. షాహీన్ దుపట్టా కొంగు నోట్లో పెట్టుకుంది. నేను తెరను కాదు, ల్యాప్‌టాప్ పక్కన పెట్టిన నా అరచేతిని నమ్ముకున్నాను. వేడి గాలి ధారగా తగులుతోంది, అంటే దారి తెరుచుకుంది. ఎప్పుడూ నల్లబడే మలుపు వెనకబడిపోయింది. దిగుడు దాటి, ఊరు చేరి, గోదాములో లారీని వెనక్కి పెట్టి ఉస్తాద్ ఇంజను ఆపాడు. ఆయన కుడిచెయ్యి పక్కకు సాగి, అక్కడ లేని డోరు పిడిని వెతికింది.

“లోడు దిగింది” అన్నాడు. అంతే. షాహీన్ చాయ్ పెట్టడానికి లేచింది.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇదీ: యంత్రం చెడేది అది ఉండేచోట, మన బల్లమీద కాదు. ఆ తర్వాత బెంచ్‌కు ఏ ల్యాప్‌టాప్ వచ్చినా మూత విప్పకముందు దాన్ని ఎక్కడ పెడతారు, ఏం పరుస్తారు, చుట్టూ ఏం కాలుస్తారు అని అడిగేవాణ్ణి. ‘లోపం కనబడలేదు’ అని రాయాల్సిన అవసరం చాలా తగ్గింది.

రిటైరయ్యాక ఒకసారి అటు వెళ్ళి ఉస్తాద్ దగ్గర కూర్చున్నాను. గది నిండా అదే ఊదు వాసన. పాత గొప్పలు చెప్పుకోవడం మొదలుపెట్టాను: ఎన్నైనా చెప్పు ఉస్తాద్, నా ఏసీ బెంచ్ మీద నీ బండి రెండుసార్లూ పాసే కదా!

ఆయన ఆట తెర మీదినుంచి కళ్ళు తిప్పకుండానే అన్నాడు: “దవాఖానల ఏసీ రూముల పండుకున్నన్ని దినాలు నేను గూడ పాసే సత్తన్నా. ఇంటికొచ్చి గడప దాటబోతే ఎరుకైంది, కాలు లేదని.”