నీళ్ళు దూరని సూటు

నా మాటల్లో సగానికి సగం కోతలేనని ముందే ఒప్పుకుంటున్నాను. దోహాలో ఉద్యోగం చేస్తూ, జార్జియా వెళ్ళి మంచునీళ్ళ నదిలో చిన్న పడవ తెడ్డేసుకుంటూ కయాకింగ్ చేయాలని సరదా పడ్డాను. చలికి లోపల ఉన్ని బట్టలు, పైన చుక్క నీరు దూరని డ్రై సూటు కొన్నాను. దానికి మేజోళ్ళు కలిపే ఉంటాయి, మెడకు రబ్బరు పట్టీ, వీపు మీద జిప్పు.

పెట్టె బరువు మించింది. గల్ఫులో మనవాళ్ళ అలవాటే కదా, బరువైనవన్నీ ఒంటికి తగిలించుకుని మా ఆవిడతో ఎయిర్‌పోర్టుకు బయలుదేరాను. నీరు లోపలికి రాని సూటులోంచి చెమట బయటికెలా పోతుంది? తనిఖీ దగ్గరకు చేరేసరికి మోకాళ్ళ దాకా చెరువు.

"ఏంటండీ ఆ బుడబుడ చప్పుడు?" అంది మా ఆవిడ.

"జిప్పు లాగవే, కళ్ళు తిరుగుతున్నాయి."

"అందరూ చూస్తున్నారు."

"పడిపోతే ఇంకా బాగా చూస్తారు."

ఆవిడ లాగింది గానీ జిప్పు బిగుసుకుపోయింది. తనిఖీ అధికారి "యల్లా, యల్లా" అని అరబ్బీలో తొందరపెడుతూ వచ్చి ఓ చెయ్యి వేశాడు. ఇద్దరూ కలిసి లాగారు. సూటులోంచి దూకిన వరదకు ఎవరివో చెప్పులు కొట్టుకుపోయాయి. నాకు ఊపిరొచ్చింది.

చలిబట్టలు చలిలోనే తొడుక్కోవాలని ఆనాడు తెలిసింది. ఇందులో నేను కల్పించింది ఒక్కటే, మా ఆవిడ జిప్పు లాగడం. పాపం, ఆ అధికారి ఒక్కడే లాగాడు. ఆవిడ అప్పటికే పక్క వరసలోకి మారి, నేనెవరో తెలియనట్టు నిలబడింది.