గుంజీలకు ఒప్పుకోని అప్పలసూరి

సాలూరు లారీ డ్రైవర్లలో అప్పలసూరి కోపం పేరుమోసినది. బ్రేకు పట్టకపోయినా కోపమే, పట్టినా కోపమే. అంతటి కోపానికి ఈమధ్య కాళ్లు సహకరించడం మానేశాయి. టైరు చూడటానికి వంగలేడు, కష్టపడి కూర్చుంటే బంపరు పట్టుకోకుండా లేవలేడు. వారంలో కాళ్లు బాగుపడకపోతే లారీ వేరొకరికి ఇచ్చేస్తానని ఓనరు తేల్చి చెప్పాడు.

ఫిజియోథెరపిస్టు లీలారాణి గుండ్రటి గట్టి దిండులాంటి ఫోము రోలరు ఒకటి చేతికిచ్చింది.

"దీనిమీద తొడలు దొర్లించు సూరి బాబాయ్. కాసేపు బిగువు తగ్గుతాది, వంగడం సులువవుతాది. బలం మాత్రం రాదు. బలానికి గుంజీలు తియ్యాల."

అప్పలసూరి భగ్గుమన్నాడు. "గుంజీలా? నానేటి తప్పు సేసినాను?"

ఆత్మగౌరవం గల మనిషి కనుక వారమంతా రోలరుమీద నిష్ఠగా దొర్లాడు. గుంజీ ఒక్కటీ తియ్యలేదు.

గడువునాడు ఓనరు ఎదుట టైరు పక్కన మహారాజులా కూర్చున్నాడు. లేవడానికి మాత్రం మళ్లీ బంపరే దిక్కయింది. లారీ తాళాలిమ్మని ఓనరు చెయ్యి చాచాడు. అప్పలసూరి జన్మలో మొదటిసారి బతిమాలి, నెల గడువు తెచ్చుకున్నాడు. ఆ బతిమాలడం కూడా తిట్టినట్టే వినిపించింది.

నెలాఖరుకు పుట్టింటినుంచి తిరిగొచ్చిన భార్య లక్ష్మీనరసమ్మ పెరట్లో కొయ్యబారిపోయింది. మొగుడు రెండు చెవులూ పట్టుకుని, గుంజీకొకర్ని తిడుతున్నాడు. గుంజీలకు చెవులు పట్టుకోనక్కర్లేదని ఆయనకెవరూ చెప్పలేదు.

"ఓలమ్మో! ఏటి తప్పు సేసినావు మావా?"

"రోలరుని నమ్మినానే!" అని అరిచి మళ్లీ కూర్చున్నాడు.

తన చెవులు తప్ప ఇంకేదీ పట్టుకోకుండా లేచాడు.