ఇంజన్‌ని అడిగి చెప్పే పిల్ల

బుజ్జీ, నువ్వు ఇక లేవని చెప్పడానికి వచ్చిన పక్కింటి పిల్ల ఆ మాట చెప్పలేకపోయింది. గుమ్మంలో బూట్లు విప్పకుండానే "ఆంటీ" అంది, మళ్ళీ "ఆంటీ" అంది, అక్కడే కూలబడింది. వెనక నువ్వు పనిచేసే షెడ్డు మేనేజరు నిలబడి ఇంగ్లీషులో ఏదో చెబుతున్నాడు. నీకేదో దెబ్బ తగిలిందనుకున్నాను. ఏ ఆసుపత్రి అని అడుగుతూ కోటు వెతుక్కుంటున్నాను. తలలో నరం చిట్లిందట. నిలబడినదానివి నిలబడినట్టే పడిపోయావట. పొద్దున్నే "మెట్ల మీద ఉప్పు చల్లానమ్మా, అయినా జారుతుంది, బయటికి రాకు" అని నాకు జాగ్రత్త చెప్పి వెళ్ళినదానివి.

దాన్ని పిలవకుండా మొదలుపెట్టడం నాకు చేతకాలేదు. ఇక ఇది చదివే మీతో మాట్లాడతాను.

కెనడాలో, ఈ బ్రాంప్టన్‌లో మా అమ్మాయిని మీలో చాలామంది ఎరుగుదురు. పక్కనే ఉన్న వాన్ అనే ఊళ్ళో ట్రక్కులు బాగుచేసే షెడ్డులో మెకానిక్. దాని నాన్న పోయాక నన్ను ఇక్కడికి తెచ్చుకుంది. ఇంట్లో మేమిద్దరమే. శనివారం వస్తే చాలు, పాత కారు కొనుక్కోవాలనుకునే స్టూడెంట్లు ఎవరో ఒకరు వచ్చి దాన్ని వెంటబెట్టుకుని పోయేవాళ్ళు. నేను కూడా వెనక సీట్లో కూర్చుని వెళ్ళేదాన్ని. అది టైర్లు చూసేది, నేల మీద పడుకుని కిందంతా చూసేది. ఇంజన్ కాసేపు నడిపి ఆపేసి, ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగి, ఆ కన్నంలోకి సన్నటి గొట్టం దింపి, చేతిపంపుతో కొంచెం ఆయిల్ చిన్న సీసాలోకి తీసేది. ఆ సీసా ల్యాబ్‌కి పోయేది. ఇనుము మరీ ఎక్కువుంటే లోపల అరుగుతున్నట్టు, ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ నీళ్ళు కలిస్తే ఎక్కడో కారుతున్నట్టు, మట్టి కనబడితే గాలి ఫిల్టరు సరిగా లేనట్టు. నాకు అర్థమయ్యేలా అలా చెప్పేది. ఒక్క రిపోర్టుతో అన్నీ తేలిపోవని కూడా అనేది.

"కారు కడిగి తుడిచి చూపిస్తే అది పెళ్ళిచూపులమ్మా. ఇంట్లో రోజూ ఎలా ఉంటుందో ఆయిల్‌ని అడగాలి" అని నవ్వేది.

పోయిన శీతాకాలం మొదట్లో ఒకటి జరిగింది. మా పక్కింటి బేస్‌మెంట్‌లో ఉండే కరీంనగర్ అమ్మాయికి వాన్‌లోనే ఒక గోడౌన్‌లో ఉద్యోగం దొరికింది. బస్సులు మారి వెళ్ళేసరికి సగం రోజు పోయేది. మా చర్చిలో పెద్దాయన ఒకరు తన కారు అమ్ముతున్నారని తెలిసి ఆ పిల్ల ఎగిరి గంతేసింది. "అక్కా, నాకైతే మస్తు నచ్చింది. అంకుల్ మంచోడు గదా, ఇంకేం జూడాలె?"

మా అమ్మాయి పంపు, సీసా పట్టుకుని వెళ్ళింది. ఆయన ముఖం మాడ్చుకున్నారు. "ఏమ్మా, నా కారుకి రక్తపరీక్షా? పన్లో పని నాకూ షుగరు చూసిపో."

"చూస్తానంకుల్, ఆంటీ చేసిన అరిసెలు ఎన్ని లాగించారో అదీ రాసిస్తా" అంటూ ఇది పుల్ల బయటికి తీసింది. దాని మీద ఆయిల్ తేనెలా మెరుస్తోంది. తల పట్టుకుంది. "అయ్యో అంకుల్, ఎంత పని చేశారు! ఆయిల్ మార్పించేశారా?"

"మరి? ఆడపిల్లకి ఇచ్చే బండి. మురికి ఆయిల్‌తో ఇస్తానా?"

ఆయన తప్పేముంది చెప్పండి. మనం ఎవరి గిన్నె వాళ్ళకి తిరిగి ఇచ్చేటప్పుడు తోమి ఇస్తాం కదా. ఆయనా అంతే చేశారు. కానీ కొత్త ఆయిల్ ఏమీ చెప్పదట. అది ఇంజన్లో చాలా దూరం తిరిగితేనే లోపలి సంగతి దానికి తెలుస్తుందట. లోపం దాచిపెట్టి అమ్మేవాళ్ళు కూడా ఇలాగే మార్పించి చూపిస్తారట. ఆ మాట మాత్రం మా అమ్మాయి ఆయన ముందు అనలేదు.

"ఇంకొన్నాళ్ళు మీరే నడపండి అంకుల్. ఆయిల్ పాతబడ్డాక వస్తా" అంది. ఆయన తలుపు వేసేసుకున్నారు. ఆ ఆదివారం చర్చిలో మమ్మల్ని పలకరించలేదు.

"పెద్దాయన. ఊరుకోవే, పరువు పోతోంది" అన్నాను నేను.

"ఆయన్ని నమ్మానమ్మా. ఇంజన్‌ని ఇంకా అడగలేదు. ఈ పిల్ల హైవే మీద మంచులో ఒక్కతే ఆగిపోతే నేను, నువ్వు ఏం చేయగలం?"

అప్పట్నుంచి ఆ పిల్లని తన కార్లోనే ఎక్కించుకుని వెళ్ళి, తిరిగి తెచ్చేది. పెద్దాయన కోపంగానే తన కారు నడుపుకుంటూ ఉన్నారు. ఆయిల్ పాతబడ్డాక ఒక శనివారం ఆయనే ఫోన్ చేసి, "రా అమ్మా, నీ సూది తెచ్చుకో" అన్నారు. ఇది వెళ్ళి సీసా నింపి పంపింది. ఆ వారం దాటకుండానే ఇది పోయింది.

ఇంజన్ ముందే చెబుతుందమ్మా, మనమే వినం అనేది. మరి నాకేమీ చెప్పకుండా దీని తల ఎలా మోసం చేసింది? తలనొప్పి అని కూడా ఎప్పుడూ అనలేదు. నాకు ఇప్పటికీ అంతుపట్టదు. సాయంత్రం బయట కారు తలుపు చప్పుడైతే లేచి నిలబడుతున్నాను.

సమాధి కార్యక్రమం అయ్యాక రిపోర్టు ఆ కరీంనగర్ పిల్ల ఫోన్‌కి వచ్చింది. పెద్దాయన్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది.

"నేను జూడ ఆంటీ. అక్కనే లేనప్పుడు ఇదెందుకు? కారు తీసుకుంట, అంతే."

"వద్దమ్మా" అన్నారు పెద్దాయన. "చూడకుండా నేను ఇవ్వను."

నేను ఫోన్ తిప్పి ఆ పిల్ల చేతిలో పెట్టాను. "చదువు తల్లీ. అది అడిగింది. జవాబు వచ్చింది. మనం వినాలి."

ఆ పిల్ల ఒక్కో వరుసా చదివి, మా అమ్మాయి చెప్పినట్టే నాకు తెలుగులో చెప్పింది. ఇనుము మామూలుగానే ఉంది. కూలెంట్ లేదు. మట్టి లేదు. నిలబడే వింటున్న పెద్దాయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు.

"మంచి బండే అని మీ అమ్మాయి నోటితో వినాలనుకున్నానమ్మా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

వాళ్ళిద్దరి ముఖాలూ అప్పుడు చూశాను. పీక్కుపోయి ఉన్నాయి. ఎప్పుడు తిన్నారో వాళ్ళకే తెలియదు. నేనూ అంతే. అది పోయాక మొదటిసారి పొయ్యి వెలిగించి పప్పుచారు కాచాను, అన్నం వండాను. కోటు విప్పకుండానే ఆ పిల్ల తింది. కళ్ళనీళ్ళు కంచంలో పడుతున్నా ముద్ద ఆపలేదు. మారు వడ్డించమని కంచం నా వైపు జరిపింది. కిటికీ అవతల మంచు కురుస్తోంది, అన్నం మీంచి ఆవిరి లేస్తోంది.

ఇంతసేపు చదివారు. ఇక లేవండి. వేడిగా, కడుపు నిండా అన్నం తినండి.